ముందే చెప్పిన స్తోత్రం

నా ప్రార్థనకు మా కాలనీలో మంచి గిరాకీ. గొప్పకు చెప్పుకోవడం లేదు, కావాలంటే ఎవరినైనా అడగండి. బర్రె పాలు చేపకపోతే సలోమిని పిలుస్తారు. మొగుడు తాగొచ్చి తన్నినా సలోమినే పిలుస్తారు. పదో తరగతి పరీక్షలు వచ్చాయంటే పిల్లలు పెన్నులు పట్టుకొని మా గడపలో నిలబడతారు, వాటి మీద చెయ్యి పెట్టమని. మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు వలస పోవడాన్ని మా కోసిగి వైపు సుగ్గికి పోవడం అంటారు. ఆ బండి బయలుదేరే ముందు నేను దాని మూతి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే గాని డ్రైవరు మారెన్న తాళం తిప్పడు. వాడు మా మతం వాడు కూడా కాదు. మొక్కు ఎవరిదైతేనేం, బండి క్షేమంగా పోవాలంటాడు.

నేను నోరు తెరిస్తే చాలు, మాటలు వచ్చేవి. మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ అని మొదలుపెడితే ఎండాకాలం మధ్యాహ్నం కూడా జనం కునుకు తీయకుండా వినేవాళ్లు. అలాంటిదాన్ని, నా కూతురు హెప్సిబాను మట్టిలో పెట్టి వచ్చినప్పటి నుంచి ఒక్క ముక్క ప్రార్థన చేయలేదు. కంచం ముందు కూర్చున్నా చేయలేదు. చేతులు జోడిస్తే నోట్లో మట్టి పడినట్టు ఉండేది.

రేపు ఆదరణ కూడిక అనగా పాస్టరు జీవరత్నం అయ్యగారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. చావు జరిగిన ఇంట్లో సంఘమంతా చేరి, పాటలు పాడి, వాక్యం చెప్పుకొని, భోంచేసి పోవడమే ఆదరణ కూడిక. చివర్లో ఆ ఇంటివాళ్లు ఒకరు లేచి దేవునికి స్తోత్రం చెల్లించాలి. ఇచ్చినందుకూ స్తోత్రం, తీసుకున్నందుకూ స్తోత్రం. మా సంఘంలో అది ఆనవాయితీ. చెప్పలేకపోయిన వాళ్లను ఎవరూ ఏమీ అనరు. విశ్వాసంలో కొంచెం బలహీనపడ్డారని మాత్రం అనుకుంటారు, అదీ జాలిగా. ఆ జాలి కన్నా చెప్పు తీసుకొని కొట్టడం మేలు.

"ముగింపు ప్రార్థన నువ్వే చేయాల సలోమమ్మా" అన్నాడు అయ్యగారు. "నీ సాక్ష్యం చూసి శానా మంది నిలబడినారు. నువ్వే పడిపోతే ఎట్ల?"

"ఏమని చేయాల అయ్యగారూ?"

"ఏముండాది, స్తోత్రమని చెప్పు. దేవుడు తన తోటకు మంచి పువ్వును కోసుకున్నాడు."

"ఆయన తోటకు పూలు కరువొచ్చినాయా? నాకుండేది ఒకటే చెట్టు, దానికి ఒకటే పువ్వు."

ఆయన తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. నాకన్నా చిన్నవాడు, పెండ్లయి ఏడాది కూడా కాలేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో నా బిడ్డ మంచం పక్కన నాతో పాటు నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో దాని పాదాలు తన ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. అతన్ని తిట్టి నాకేం వస్తుంది? నేను తిట్టాల్సిన వాడు వేరే ఉన్నాడు. ఆయన దగ్గర నోరు పెగలడం లేదు, అదే నా బాధ.

జరిగింది చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు.

మా కాలనీకి నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియదు. వచ్చినప్పుడు పట్టిపెట్టుకోవాలి గనుక ప్రతి ఇంటి ముందూ డ్రమ్ములే. డ్రమ్ముల నిండా దోమలే. ఆ వారం హెప్సిబాకు జ్వరం తగులుకుంది. ఒళ్లు కాలిపోయింది. మాత్రలు వేశాం, తడిబట్ట వేశాం. నేను ఉపవాసం పట్టాను. పొయ్యి దగ్గరా మోకాళ్లే, మంచం దగ్గరా మోకాళ్లే. శనివారం తెల్లారేసరికి జ్వరం జారిపోయింది. దాని నుదురు మంచినీళ్ల కుండలాగా చల్లగా తగిలింది. నేను స్తోత్రం అని పెట్టిన కేకకు పక్కింటి ఫాతిమా బీ కుడుతున్న బొంత వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

దేవుడు మేలు చేస్తే ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆలస్యం చేస్తే మేలు నిలవదని మా వాళ్ల నమ్మకం. కోడిని కానుకగా పట్టుకున్నాను. బిడ్డకు క్రిస్మస్ గౌను తొడిగాను. గుడిలో ముందు చాప మీద, అందరికీ కనబడేలా కూర్చోబెట్టాను.

"మా, కడుపులో నొస్తాంది" అంది.

"సాక్ష్యం అయిపోనీమే, ఇంటికి పోదాం" అన్నాను.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "నీ చెయ్యి ఎంత ఎచ్చగుండాదిమా" అంది.

నేను నవ్వాను. "నీ జ్వరం దిగింది గదే, అందుకే నీకు అట్ల తగులుతాంది" అన్నాను. లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. ఎంత బాగా చెప్పానని! సంఘం సంఘమంతా చప్పట్లు కొట్టింది. బిడ్డ గోడకు ఆనుకొని నన్నే చూస్తోంది. చివర్లో అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

మధ్యాహ్నానికి నల్లగా కక్కుకుంది. ఆదోని పోయాం, అక్కణ్నుంచి కర్నూలు పోయాం. సోమవారం పొద్దున్నే అంతా అయిపోయింది. అక్కడి డాక్టరమ్మ నా భుజం పట్టుకొని చెప్పింది. ఈ జొరంలో వేడి దిగిపోయినప్పుడే అసలు గండం మొదలవుతుందట. లోపల రక్తం కారిపోతుంటే పైన ఒళ్లు చల్లబడుతుందట. తగ్గిందని అందరూ మోసపోతారట. ఆమె నన్ను ఒక్క మాట తప్పు పట్టలేదు. తప్పు పట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిరిగి పోట్లాడేదాన్ని.

అంటే నేను దేనికి స్తోత్రం చెప్పానో అదే నా బిడ్డ చావు. చావు వచ్చి దాని నుదుటి మీద చెయ్యి వేస్తే, అది దేవుని చెయ్యి అనుకొని నేను కోడిని తీసుకొని పోయాను. ఇది తలుచుకుంటే పిచ్చెక్కుతుంది. ఇప్పుడు లేచి మళ్లీ స్తోత్రమట! స్తోత్రం అంటే నా బిడ్డ చావుకు రెండోసారి చప్పట్లు కొట్టించినట్టు. అనకపోతే ఇక జన్మలో ఆయనతో మాట్లాడేది ఉండదు. అబద్ధమైనా ఆడాలి, లేదా నోరైనా కుట్టుకోవాలి. నాకు ఈ రెండూ చేతకావు.

కూడిక రోజు పొద్దున మా ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. ఆదోనిలో వేయించారట. రెక్కల గుర్రాలు, మేఘాలు, మధ్యలో క్రిస్మస్ గౌనులో నా బిడ్డ. కింద ప్రభువునందు నిద్రించిన కుమారి హెప్సిబా అని ఉంది. నిద్రించిందట! దానికి నిద్ర ఎక్కువే, నిజమే. బడికి పంపాలంటే రోజూ యుద్ధం చేయాలి. దుప్పటి లాగి, నీళ్లు చల్లి, తిట్టి, చివరికి వాళ్లవ్వ దానమ్మ వచ్చి అరికాళ్ల మీద గోకితే లేచేది. నిద్రే అయితే చెప్పండి, మా అత్తను పంపిస్తాను.

మా ఆయన పేరు చిన్న ఈరన్న. బాప్తిస్మంలో యోహాను అయ్యాడు గాని ఊళ్లో ఆ పేరు పలికేవాళ్లు లేరు. పొద్దున్నుంచి వంట గిన్నెల దగ్గరే తిరుగుతున్నాడు. ఉడికిన పప్పునే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు. నేను పక్కన నిలబడితే నా వైపు చూడకుండానే అన్నాడు.

"రెండు మాటలు అనేసి కూచో మే. వచ్చినోళ్లకు ఇంత అన్నం పెట్టి పంపిద్దాం. నా చేత కాదు ఇంగ."

"నువ్వంటావా?"

గరిటె ఆగింది. "నాకు నోరుంటే నిన్నెందుకు అడుగుతా" అన్నాడు. మళ్లీ పప్పు కలపడం మొదలుపెట్టాడు.

జనం నిండారు. చాపలు చాలక బొంతలు పరిచారు. ఆ బొంతలు ఫాతిమా బీవే. ఆమె కూడా వచ్చింది. మా కూడికలో ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో తెలియక గడప దగ్గరే నిలబడిపోయింది. అత్త లోపలికి రమ్మంటే, "ఈడనే బాగుండాది లే దానమ్మా" అంది. తాళాలు మోగాయి. మహిమ పాటలు పాడారు. బిడ్డను పూడ్చిన రోజు కూడా అవే పాటలు. ఆ రోజు మా అత్త, నా ఎప్సీ, నా తల్లీ అని శోకాలు ఎత్తుకుంటే సంఘపు పెద్ద ఆడవాళ్లు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టారు. ఆశ లేనోళ్లలాగా ఏడవకూడదట. సాక్ష్యం చెడిపోతుందట. డెబ్బై ఏళ్ల మనిషి, చేతకాక చేతకాక ఆ ఏడుపును మింగింది. ఇప్పటికీ ఆమెకు అన్నం సరిగ్గా దిగడం లేదు.

అయ్యగారు వాక్యం చెప్పాడు. పువ్వు సంగతి ఎత్తలేదు, అంతవరకు మేలు. తర్వాత నా వైపు తిరిగి, "సలోమమ్మ ప్రార్థనతో ముగిద్దాం, అందరం కండ్లు మూసుకుందాం" అన్నాడు. ఆడవాళ్లంతా కొంగులు తల మీదికి లాక్కున్నారు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. మహోన్నతుడవైన, అన్నాను. ఆ ఒక్క మాటకే జనం స్తోత్రం అన్నారు. రెండో మాట రాలేదు. ఎవరో దగ్గారు. కళ్లు తెరిచాను. ప్రార్థనలో కళ్లు తెరవకూడదు, అయినా తెరిచాను. నిండా మూసిన కళ్లు, వంచిన తలలు. గడప దగ్గర ఫాతిమా బీ ఒక్కతే కళ్లు తెరుచుకొని నన్ను చూస్తోంది. పాపం ఆమెకు మా పద్ధతి తెలియదు. ఆమె కళ్లలో నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. అది చూశాక నాలో పట్టుకొని ఉన్నదేదో వదిలేసింది.

"ప్రభువా, శనివారం నా బిడ్డకు జొరం దిగింది" అన్నాను. గుడిలో మాట్లాడే మాటలు కావు, ఇంట్లో మాట్లాడే మాటలే వచ్చాయి.

"స్తోత్రం" అన్నారు జనం, అలవాటు కొద్దీ.

"ఒళ్లు చల్లబడింది."

"స్తోత్రం."

"చేతులు చల్లబడినాయి. కాళ్లు చల్లబడినాయి."

ఒకరో ఇద్దరో అన్నారు.

"నీ చెయ్యి ఎంత ఎచ్చగుండాదిమా అనింది నాతో. నీ ఇంట్లో, నీ ముందర కూచోని అనింది. నేను నవ్వితిని. నువ్వు సూస్తాండావు గదా? నాకు తెలీదు, నేను సదువుకోలేదు. నీకు తెలుసు గదా! జొరం దిగితే సచ్చిపోతాదని నీకు తెలుసు. తెలిసి నా నోట స్తోత్రం చెప్పించుకున్నావు. ఒక్క మాట నా చెవులో ఏసింటే ఏం పోయేది నీకు? ఆ కోడిని ఈడనే పడేసి బిడ్డను ఎత్తుకోని పరిగెత్తి ఉందును. నువ్వు ఊరకుంటివి. నేను సాక్ష్యం చెప్తాంటే ఇనుకుంటా ఊరకుంటివి."

బయట గిన్నెల చప్పుడు ఆగింది.

"నా స్తోత్రం నాకు ఎనక్కి ఇయ్యి. అది నిన్ను మోసం చేసి చెప్పింది కాదు. నువ్వు నన్ను మోసం చేస్తే చెప్పింది. నాకొద్దు అది నీకాడ ఉండేది. కోడి పోతే పోనీ, స్తోత్రం ఇయ్యి. లేదంటే నా బిడ్డనియ్యి. నీ కొడుకు సచ్చిపోతే మూడు దినాలకే ఎనక్కి తెచ్చుకుంటివి. తండ్రివి గదా, తట్టుకోలేకపోతివి. నేను తల్లిని గాదా? నా బిడ్డకు ఎన్ని దినాలు పెట్టినావు? చెప్పు! ఆడ దానికి తల దువ్వేదెవురు? చిక్కు పడితే అరుస్తాది అది. చీకట్లో ఒక్కతే పండుకోదు. మట్టిలో పెట్టి వస్తి నేను, ఒక్కదాన్నే, చీకట్లో..."

"అమ్మా" అన్నాడు అయ్యగారు. మెల్లగానే అన్నాడు. "అట్ల అడగొద్దమ్మా ఆయన్ను."

"సిలువ మీద నుంచి ఆయన కొడుకు అడగలేదా అయ్యగారూ, నన్ను ఎందుకు వదిలేస్తివని? ఆ కొడుకుకో న్యాయమూ, నాకో న్యాయమూనా? ఆయప్పకు అరిచేదానికి ఉండాది, నాకు లేదా?"

అయ్యగారు చేతిలోని బైబిలు మూసి పక్కన పెట్టాడు.

నేను ఇంకా చాలా అన్నాను. అన్నీ గుర్తు లేవు. కొన్ని బూతులే కావచ్చు. అన్నంత సేపూ ఎక్కడో ఆకాశం చీలుతుందని, ఏదో వినబడుతుందని లోపల ఒక మూల ఆశ ఉండింది. సిగ్గు లేని ఆశ. ఏమీ వినబడలేదు. పప్పు మాడిన వాసన మాత్రం వచ్చింది. ఈరన్న గరిటె వదిలేసి గడప దగ్గరికి వచ్చి, ఫాతిమా బీ వెనక నిలబడి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని ఉన్నాడు.

మాటలు అయిపోయాయి. అందరూ ఎదురుచూస్తున్నారు. ప్రార్థన చేసిన మనిషి ఆమెన్ అంటే గాని కళ్లు తెరవకూడదు, లేవకూడదు. మా వాళ్లు చిన్నప్పటి నుంచి దానికి ఎంత అలవాటు పడ్డారంటే, ఇల్లు కూలినా ఆమెన్ దాకా ఆగుతారు. నేను అనలేదు. పిల్లలు కదిలారు. తల్లులు వాళ్లను గిల్లి కూర్చోబెట్టారు. ఇంకా అనలేదు. చివరికి అయ్యగారు తనే ముగిద్దామని గొంతు సవరించుకున్నాడు.

"ఆమెన్ అనొద్దు అయ్యగారూ" అన్నాను. "పోయినసారి తొందరపడి అంటి. ఇది అయిపోలేదు. ఆయన జవాబు చెప్పల్లా."

ఆ మూసిన కళ్ల మధ్య నుంచి మా అత్త దానమ్మ లేచింది. కొంగు తల మీద నుంచి లాగి పారేసింది. గుండెలు బాదుకొని ఎత్తుకుంది. ఎవరో నేర్పిన పాట కాదు అది, ఆమె తల్లి, ఆమె అవ్వ ఏడ్చిన ఏడుపు. నా ఎప్సీ, నా తల్లీ, నీ గౌను ఆరేసి పెట్టినా, నీ పలక తుడిసి పెట్టినా, ఎవురికోసరం పోతివి నా తల్లీ అని. ఈసారి ఆమె నోటికి ఎవరూ అడ్డం పెట్టలేదు. అడ్డం పెట్టిన ఆడవాళ్లే మొదట ఏడ్చారు. అయ్యగారు గోడ వైపు తిరిగాడు. ఆ తరుణంలో నాకు ఊరట కలిగిందని చెబితే బాగుంటుంది గాని, కలగలేదు. ఎంతమంది ఏడ్చినా నా బిడ్డ రాలేదు గదా. కాకపోతే పైకి పోయింది నా ఒక్కదాని గొంతు మాత్రమే కాదు.

ఒక్కొక్కరే లేచి పోయారు. ఆమెన్ లేకుండా లేవడం తెలియక, తప్పు చేసినవాళ్లలాగా వంగి వంగి పోయారు. అన్నం ఎవరూ తినలేదు. వందనాలు కూడా చెప్పుకోలేదు. ఈరన్న ఫ్లెక్సీ విప్పి, చుట్టాలా వద్దా అని చాలాసేపు చేతుల్లో పట్టుకొని నిలబడ్డాడు. చివరికి బిడ్డ ముఖం లోపలికి పోకుండా మడిచి గూట్లో పెట్టాడు. ఫాతిమా బీ నా పక్కన వచ్చి కూర్చుంది. నా వీపు మీద చెయ్యి పెట్టింది. ఎండ వాలేదాకా ఉండి, నమాజుకు పొద్దవుతోందని లేచింది. "నీ మాటే నేనూ అడుగుతాలే ఆడ" అంది పోతూ పోతూ.

అత్త ఇల్లు సర్దుతూ నేను కూర్చున్న చాప దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"సాప సుట్టేదామ్మా?"

"వద్దత్తా. ఇంగా అయిపోలేదు."

ఆమె చీపురు పక్కన పెట్టింది. మోకాళ్లు పట్టుకొని మెల్లగా నా పక్కన కూలబడింది. అలవాటు కొద్దీ కొంగు తల మీదికి లాక్కొని, కళ్లు మూసుకొని, ఏమనాలో తెలియక నా మాట కోసం చూసింది.

"కండ్లు మూయొద్దత్తా. మూసుకోనే గదా మోసపోతిమి. తెరిసి అడుగు."

అత్త కళ్లు తెరిచింది. మా రేకుల కప్పు వైపు, దానికున్న బొక్కలో కనబడే ఇంత వెలుతురు వైపు చూసింది. ఆమెకు ప్రార్థన చేయడం ఎప్పుడూ రాలేదు, నేను చేస్తే ఆమెన్ అనడం ఒక్కటే వచ్చు. పక్కింటివాళ్లను ఏదో అడిగినట్టు అడిగింది.

"ఏం నాయనా, మా ఎప్సి యాడుండాది?"

ఇద్దరం జవాబు కోసం కూర్చున్నాం.